మీరు లేని లోటు

తరంగపురిలో సెలవంటే అందరికీ భయం.

ఒడ్డున ఉన్నవాళ్ళకు ఈ మాట చెబితే నవ్వుతారు. భీమునిపట్నం రేవు నుంచి పడవలో ఒక పూట ప్రయాణం చేస్తే వస్తుంది తరంగపురి. బంగాళాఖాతం మీద తేలుతూ, అలల బలంతో టర్బైన్లు తిప్పుతూ, సముద్రపు నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీసి గొట్టాల వెంట ఒడ్డుకు పంపే కర్మాగారం అది. ఇరవై రెండో శతాబ్దం వచ్చాక కట్టిన వాటిలో పెద్దది. నాలుగు వందల మందికి అక్కడే పని, అక్కడే తిండి, అక్కడే పడక. చుట్టూ ఎటు చూసినా నీళ్ళు. అలాంటి చోటు నుంచి సెలవు మీద ఒడ్డుకు పొమ్మంటే ఎగిరి గంతెయ్యాలి కదా? ఎవరూ వెయ్యలేదు.

కంపెనీ పిసినారిదేమీ కాదు. మొదట్లో అది పెట్టిన సెలవు విధానం చూసి పత్రికలవాళ్ళు కూడా మెచ్చుకున్నారు. ఎవరికి ఎంత కావాలంటే అంత సెలవు, జీతం కోత లేదు, కారణం చెప్పనక్కర్లేదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఇక్కడ అడక్కుండానే విస్తరి నిండా వడ్డిస్తే తినే నాథుడు లేకపోయాడు. ఎంత తీసుకుంటే మర్యాదో తెలియక, పక్కవాడు తీసుకోలేదు కదా అని, తను తీసుకుంటే బాగుండదని, అందరూ సీట్లకు అతుక్కుపోయారు. అలసిపోయిన మనుషుల పని ఎలా ఉంటుందో అలాగే ఉంది ఉత్పత్తి.

అప్పుడు కంపెనీ విధానం మార్చింది. ఏడాదికి ఒకసారి రెండు వారాలు ప్రతి ఒక్కరూ ఒడ్డుకు పోయి తీరాలి. పోనివాళ్ళను పడవెక్కించి మరీ పంపేవారు. జనం వెళ్ళారు, నిద్రపోయారు, నాలుగు కేజీల బరువు పెరిగి వచ్చారు. చిత్రమేమిటంటే వచ్చిన తరువాత వాళ్ళ పని ఇంకా పడిపోయింది.

దాని సంగతేమిటో తేల్చమని డాక్టర్ వకుళను పిలిపించారు.

వకుళ కర్మశాస్త్రవేత్త. మనిషి ఎప్పుడు బాగా పనిచేస్తాడు, ఎప్పుడు చెయ్యడు, ఎందుకు చెయ్యడు అన్నది ఆమె చదువు. నలభై దాటిన మనిషి. మితంగా మాట్లాడుతుంది, మితంగా తింటుంది, నవ్వు కూడా మితమే. పై అంతస్తులో అద్దాల గది ఒకటి ఇస్తే అందులో చేరి, సెలవు నుంచి తిరిగొచ్చేవాళ్ళను గమనించడం మొదలుపెట్టింది.

ఆమె మొట్టమొదట కనిపెట్టింది యంత్రాన్ని కాదు, ఒక ప్రశ్నను. పడవ దిగినవాడు ఎవడైనా సరే తన సీటు దగ్గరికి రాగానే పక్కవాణ్ణి ఒకే మాట అడుగుతున్నాడు: "నేను లేనప్పుడు ఏమైంది?" పక్కవాడు మంచి మనసుతోనే, "ఏం కాలేదు, అంతా బాగానే నడిచింది" అంటున్నాడు. అంతే, వచ్చినవాడి ముఖం వాడిపోతోంది.

నడవక ఏం చేస్తుంది? తరంగపురిలో 'పూరకం' అనే ప్రోగ్రామ్ ఉంది. సెలవు మీద పోయినవాడి పని మొత్తం అదే చేస్తుంది. వాల్వులు తిప్పుతుంది, రిపోర్టులు రాస్తుంది, ఒక్కోసారి అసలు మనిషికన్నా బాగానే చేస్తుంది. ఈ సంగతి అందరికీ తెలుసు. తెలుసు కాబట్టే అక్కడి జనం ఒక అలవాటు చేసుకున్నారు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు 'ముడి'. సెలవుకు పోయే ముందురోజు పనిలో ఒక ముడి వేసి పోతారు. ఒకడు గేటు తాళపు సంకేతం మార్చి ఎవరికీ చెప్పడు. ఇంకొకావిడ ముఖ్యమైన ఫైలుకు ఏదో కొరుకుడుపడని పేరు పెట్టి పోతుంది. పూరకం తెల్లముఖం వేస్తుంది. అప్పుడు ఒడ్డుకు ఫోన్ వెళ్తుంది. "అయ్యా, మీరు లేక పని ఆగిపోయింది!" ఆ ఫోన్ కోసం మనవాళ్ళు లాడ్జి గదుల్లో, చుట్టాల ఇళ్ళలో కాచుక్కూర్చునేవారు. అది వస్తే సెలవు సార్థకం. కంపెనీకి మాత్రం ప్రతి ముడికీ ఒక టర్బైన్ ఆగేది.

ఇదంతా చూసి వకుళ ఒక నిర్ణయానికి వచ్చింది. మనిషికి విశ్రాంతి ఒక్కటే చాలదు. తను లేనప్పుడు తన లోటు ఎవరికో తెలిసిందన్న కబురు కావాలి. ఆ కబురు నిజాయితీగా అందించే సాధనం ఉంటే ముడులు వేసే అవసరం ఉండదు కదా?

అలా పుట్టింది లోటుమాపకం.

అది ఎలా పనిచేస్తుందో చెప్పాలంటే ముందు కంఠపట్టీ సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో యంత్రాలకు ఎవరూ నోటితో ఆజ్ఞలిచ్చేవారు కాదు. మెడ చుట్టూ వేలెడు వెడల్పున్న పట్టీ ఒకటి ఉండేది. మాట నోటిదాకా రాకముందే గొంతులో కండరాలు సన్నగా కదులుతాయి. ఆ కదలికను పట్టీలోని సెన్సర్లు చదివి యంత్రానికి అందిస్తాయి. అందుకే తరంగపురి అంత నిశ్శబ్దంగా ఉండేది. నాలుగు వందల మంది పొద్దస్తమానం మాట్లాడుతూనే ఉంటారు, ఎవరి గొంతూ ఎవరికీ వినపడదు. కొత్తగా వచ్చినవాళ్ళకు మొదటి వారం ఏడుపొస్తుంది. తరువాత అలవాటవుతుంది. అలవాటు కావడమే అన్నిటికన్నా బెంగపుట్టించే సంగతి.

వకుళ ఆలోచన చాలా తేలికైనది. మనం ఎవరినైనా తలుచుకున్నప్పుడు వాళ్ళ పేరు గొంతుదాకా వచ్చి ఆగుతుంది. ఎదుట లేరని గుర్తొచ్చి మింగేస్తాం. పట్టీకి ఆ మింగిన పేరు తెలుస్తుంది. పేరైనా, ముద్దుపేరైనా, తిట్టుపేరైనా సరే, అది ఎవరి గురించో పట్టీ పోల్చుకుంటుంది. సెలవు మీద ఉన్న మనిషి ఎందరి గొంతుల్లో ఎన్నిసార్లు తలెత్తాడో కూడితే ఆ మనిషి లేని లోటు ఎంతో లెక్క వస్తుంది. తిట్టుకున్నా లెక్కే, ఎందుకంటే తిట్టడానికి కూడా తలుచుకోవాలి. ఆ మనిషితోనే మాట్లాడితే మాత్రం లెక్కకు రాదు, అది తలుచుకోవడం కాదు. దీన్ని సున్నా నుంచి వంద వరకు కొలతగా మార్చింది వకుళ. వంద అంటే వాడు లేక జనం అల్లాడిపోయారని. సున్నా అంటే వాడు ఉన్నా లేకపోయినా ఒకటేనని.

తరంగపురి పడవల రేవు పక్కనే చిన్న గదిలో దాన్ని నెలకొల్పారు. సెలవు నుంచి వచ్చినవాళ్ళు లోపలికి పోయి నిలబడితే అది వాళ్ళ చెవికి మాత్రమే వినపడేలా అంకె చెబుతుంది. జనం దానికి లోటమ్మ అని పేరు పెట్టేశారు. లోపలికి పోతూ చెప్పులు విడిచేవాళ్ళు కూడా ఉన్నారు.

లోటమ్మ దగ్గరికి మొదట వెళ్ళినవాడు సింహాద్రి.

సింహాద్రి ఆరో గేటు ఆపరేటర్. యాభై దాటినవాడు, చోడవరం దగ్గర పుట్టినవాడు. తరంగపురి కట్టిన నాటి నుంచి ఆ గేటు దగ్గరే ఉన్నాడు. భార్య పోయింది, పిల్లలు లేరు. ఒడ్డున తమ్ముడింట్లో రెండు వారాలు గడిపి వచ్చాడు. మొదటి రోజు కాబట్టి వకుళ కూడా ఆ గదిలోనే, తెర పక్కన నిలబడి ఉంది. అంకె అతనికి చెప్పకముందే ఆమె తెర మీద చూసింది.

సున్నా.

ఎక్కడో పొరపాటు జరిగిందనుకుని, యంత్రం పలకకుండా ఆపి మళ్ళీ చూసింది. పొరపాటు లేదు. రెండు వారాల్లో సింహాద్రి పేరు ఒక్క గొంతులో కూడా తలెత్తలేదు.

"ఏటి మేడం, యంత్రం మూగనోము పట్టిందేటి?" అన్నాడు సింహాద్రి. నవ్వుతున్నాడు గానీ తలగుడ్డను రెండు చేతులతో నులుముతున్నాడు. "ఎంతొచ్చిందో సెప్పండి. తక్కువైనా ఏటనుకోను."

వకుళ జీవితంలో ఎప్పుడూ కొలతను మార్చలేదు. కొలత మార్చినవాడు శాస్త్రవేత్త కాడని తన విద్యార్థులకు చెప్పిన మనిషి. కానీ ఆ తలగుడ్డను చూస్తూ నిజం చెప్పడం ఆమె వల్ల కాలేదు.

"ఇరవై ఏడు" అంది. నోటికి ముందొచ్చిన అంకె అదే.

"ఇరవై ఏడా!" సింహాద్రి కళ్ళు పెద్దవయ్యాయి. "అంటే మంచిదేనా మేడం?"

"మంచిదే. చాలామందికి అంత రాదు."

"ఎవులు తలిసేరో మరి" అన్నాడతను తనలో తను అనుకుంటున్నట్టు. "ఆ ఖాసిం గాడై ఉంటాడు. నాతోటి ఎప్పుడూ తగువులాడతాడు గానీ మనసు మంచిదే." తలగుడ్డ చుట్టుకుని చకచకా గేటు వైపు వెళ్ళిపోయాడు. ఆ నెల ఆరో గేటు పని గ్రాఫు ఎన్నడూ ఎక్కనంత పైకి ఎక్కింది.

ఆ వారం అంతా వకుళ, యంత్రాన్ని ఇంకా సరిచెయ్యాలని చెప్పి ఎవరికీ అంకె చెప్పనివ్వకుండా, పడవలు దిగినవాళ్ళ అంకెలు చూస్తూ కూర్చుంది. సున్నా, మూడు, సున్నా, ఒకటి, సున్నా. ఇరవై దాటినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. నాలుగు వందల మంది ఒకే ఇనుప తెప్ప మీద తిని పడుకుంటున్నారు, ఒకరు పోతే ఇంకొకరికి పట్టడం లేదు. ఎవరూ చెడ్డవాళ్ళు కారు. అందరికీ పనుంది, పట్టీ ఉంది, పక్క సీటులో పూరకం ఉంది. ఈ నిజాన్ని మనుషుల చెవుల్లో వెయ్యడానికా తను ఇంత కష్టపడింది అనుకుని ఆమె నిజంగా దుఃఖపడింది.

అందుకని ఎవరికీ చెప్పకుండా లోటుమాపకంలో ఒక చిన్న మార్పు చేసింది. దానికి 'కనీస లోటు' అని పేరు పెట్టింది. అసలు కొలత ఎంత వచ్చినా సరే, యంత్రం పైకి చెప్పే అంకె మాత్రం ఇరవై ఏడుకు తగ్గదు.

ఒకరి అంకె ఇంకొకరికి తెలిస్తే గుట్టు బయటపడుతుందన్న బెంగ ఆమెకు కొన్నాళ్ళు ఉండేది. అది కూడా దానంతటదే తీరింది. అంకె అడగడం తప్పు అన్న మర్యాద ఒకటి తరంగపురిలో పుట్టింది. జీతమెంతో, పెళ్ళెందుకు కాలేదో మొదటి పరిచయంలోనే అడిగేసే మనవాళ్ళు దీని దగ్గర మాత్రం మొహమాటపడ్డారు.

ముడులు ఆగిపోయాయి. తాళాలు మార్చేవాళ్ళు లేరు, ఫైళ్ళు దాచేవాళ్ళు లేరు. సెలవుకు పోయేవాళ్ళు పూరకానికి అన్నీ అప్పజెప్పి మరీ పోతున్నారు, తిరిగొచ్చి హుషారుగా పనిచేస్తున్నారు. ఉత్పత్తి ఎంత పెరిగిందంటే ఒడ్డు నుంచి డైరెక్టర్లు వచ్చి లోటమ్మకు పూలదండ వేసి ఫొటోలు దిగారు. మిగతా కంపెనీలు కూడా ఆ యంత్రం మాకు కావాలంటే మాకు కావాలని వరస కట్టాయి.

వకుళ గదికి మాత్రం ఎవరూ వచ్చేవారు కాదు. మనుషుల మనసులు కొలిచే మనిషి అంటే అందరికీ కొంచెం బెదురు. ఆమె భోజనాల గదిలో అడుగుపెడితే మాటలు తగ్గేవి. చివరి బల్ల దగ్గర ఒంటరిగా తిని పైకి వెళ్ళిపోయేది. కొన్ని సాయంత్రాలు పనేమీ లేకపోయినా లోటుమాపకం గదిలోకి పోయి కూర్చునేది. కనీసం అది పలుకుతుంది.

ఒకరోజు మానవ వనరుల అధికారి ప్రభుదాసు ఆమె గదికి వచ్చాడు. భారీ మనిషి, మెట్లెక్కి ఆయాసపడుతున్నాడు.

"వకుళగారూ, మీ మీద ఫిర్యాదొచ్చిందండీ" అన్నాడు కుర్చీలో కూలబడుతూ.

"ఎవరిచ్చారు?"

"కంప్యూటర్ ఇచ్చింది. సెలవు విధానం పరిశోధించడానికొచ్చి ఆరేళ్ళయింది, మీరు ఒక్క రోజు సెలవు పెట్టలేదు. బయటి నుంచి వచ్చిన పరిశోధకులని ఇన్నాళ్ళూ మిమ్మల్ని పడవెక్కించలేదు గానీ, ఎవరికెవరు చెప్పాలండీ ఈ మాట?"

"నాకు పనుంది ప్రభుదాసుగారూ. కొత్త కంపెనీలకు యంత్రాలు సిద్ధం చెయ్యాలి."

"పూరకం చేస్తుంది."

"ఇది పూరకం చేసే పని కాదు."

ప్రభుదాసు నవ్వాడు. "అందరూ సరిగ్గా ఈ మాటే అంటారండీ. ఆ మాట వెనకాల ఏముంటుందో రిపోర్టు రాసింది మీరే కదా. వచ్చే పడవకు టికెట్ తీశాను. కాదనకండి."

వకుళ కాదనలేకపోయింది. ఆమెకు నిజంగానే భయం వేసింది. ఆరేళ్ళుగా పని పేరు చెప్పి తప్పించుకున్నది ఈ ప్రశ్ననే. నేను లేకపోతే ఎవరికైనా తెలుస్తుందా? మిగతా అందరికీ దీనికి జవాబుగా ఒక అబద్ధం సిద్ధంగా ఉంది. ఆ అబద్ధాన్ని వండినది తనే కాబట్టి తనకు అది కూడా లేదు.

ఆమె భీమిలిలో సముద్రం ఎదురుగా ఒక లాడ్జిలో దిగింది. తల్లిదండ్రులు ఎప్పుడో పోయారు. పిలవదగ్గ స్నేహితులెవరా అని ఆలోచిస్తే, పదేళ్ళనాడు ఉత్తరాలు ఆపేసిన ఒకరిద్దరు గుర్తొచ్చారు. వాళ్ళిప్పుడు ఎక్కడున్నారో కూడా తెలియదు.

"ఎవరైనా వస్తారా అమ్మా, మీరొక్కరేనా?" అని అడిగింది లాడ్జి యజమానురాలు తాళం ఇస్తూ.

"ఒక్కదాన్నే."

"అయితే ఇడ్లీ రెండే పంపిస్తాను" అందావిడ. అందులో ఎత్తిపొడుపేమీ లేదు, వృథా చెయ్యకూడదన్న జాగ్రత్తే. అయినా వకుళకు ఆ మాట గుచ్చుకుంది.

రోజులు నత్తనడక నడిచాయి. ఆమె ఇసుకలో నడిచేది, లైట్‌హౌస్ దాకా పోయి తిరిగొచ్చేది. ఏ పని చేస్తున్నా చేతిలో ఫోన్ ఉండేది. తరంగపురి నుంచి ఎవరైనా పిలుస్తారేమో. ఒక మధ్యాహ్నం గోడ వైపు తిరిగి పడుకుని ఉండగా ఆమెకు హఠాత్తుగా ఒక విషయం గుర్తొచ్చింది. కొత్త యంత్రాల సర్దుబాటు పట్టికను ఎక్కడ పెట్టిందో పూరకానికి చెప్పలేదు. మరిచిపోలేదు. చెప్పబోయి, ఎందుకులే అనుకుని ఊరుకుంది. అంటే తను కూడా ముడి వేసే వచ్చింది! శాస్త్రవేత్త అయితేనేం, మనిషి మనిషే. సిగ్గుతో ముఖం దిండులో దాచుకుంది. ఫోన్‌ను మాత్రం దిండు పక్కనే ఉంచుకుంది.

ఫోన్ రాలేదు. ఉండబట్టలేక తనే చేసింది.

"హలో, నేను వకుళను. సర్దుబాటు పట్టిక దొరికిందా? అది లేక పని ఆగిపోయి ఉంటుందని..."

"దొరికే ఉంటుందండీ మేడం" అంది అవతల ఏదో లేత గొంతు. "లేకపోతే పూరకమే కొత్తది తయారుచేసేసుకుందేమో. అంతా బాగానే నడుస్తోంది. మీరు హాయిగా ఉండండి."

"సరే" అంది వకుళ. "ఇంకెవరైనా నన్ను అడిగారా?"

"లేదండీ. ఎవరూ మిమ్మల్ని ఇబ్బంది పెట్టరు, కంగారుపడకండి."

సెలవు ముగిశాక పడవ దిగి ఆమె తిన్నగా రేవు పక్క గదిలోకి వెళ్ళింది. తలుపు మూసుకుంది.

"స్వాగతం, డాక్టర్ వకుళా" అంది లోటుమాపకం. "మీరు లేని లోటు ఇరవై ఏడు."

ఆమె నవ్వబోయింది, నవ్వు రాలేదు. వందలమంది ఈ మాట విని వెలిగే ముఖాలతో బయటికి నడిచారు. అదే మాట, అదే గొంతు. ప్రపంచం మొత్తంలో దాని అర్థం తెలిసిన మనిషి తనొక్కతే.

నిజంగానే ఇరవై ఏడు వచ్చి ఉండవచ్చు కదా అని ఒక క్షణం ఆశ పుట్టింది. ఆ ఆశను చూసి ఆమెకు తన మీద తనకే జాలేసింది.

"కనీస లోటు తీసేసి చెప్పు" అంది.

"అసలు కొలత కావాలా?"

"కావాలి."

"సున్నా."

"పూర్తిగా సున్నాయేనా? ఒక్క గొంతులో కూడా?"

"ఒక్క గొంతులో కూడా మీ ప్రస్తావన నమోదు కాలేదు" అంది యంత్రం మర్యాదగా. "మరేదైనా సహాయం కావాలా?"

"అక్కర్లేదు."

అది మధ్యాహ్న భోజనాల వేళ. ఆకలి లేకపోయినా, ఆ గదిలో ఉండలేక వకుళ భోజనాల గదికి వెళ్ళి చివరి బల్ల దగ్గర కూర్చుంది. పప్పూ అన్నం కలిపి, ముద్ద నోట్లో పెట్టుకోకుండా కంచం వైపు చూస్తూ ఉండిపోయింది. తన యంత్రం కొలిచినదాంట్లో తప్పులేదని ఆమెకు తెలుసు. తప్పుంటే బాగుండునని ఒక శాస్త్రవేత్త కోరుకోవడం ఎంత హీనమో కూడా తెలుసు. అయినా కోరుకుంది.

ఎదుటి కుర్చీ జరిగిన చప్పుడు విని తలెత్తితే సింహాద్రి. చేతిలో కంచం ఉంది. అటూ ఇటూ చూసి కూర్చున్నాడు.

"సెలవు నుంచి ఒచ్చేరేటి మేడం?"

"ఇప్పుడే వచ్చాను."

"అడక్కూడదనుకోండి" అని గొంతు తగ్గించాడు. "ఎంతొచ్చింది?"

తరంగపురిలో ఎవరూ అడగని ప్రశ్న అది. వకుళ నీళ్ళ గ్లాసు తీసుకుని తాగి కింద పెట్టింది.

"ఇరవై ఏడు" అంది.

సింహాద్రి తలూపాడు. "నాకూ అంతే కదా. ఖాసింకీ అంతే. స్టోర్సులో మేరీకీ అంతే. ఈ గదిలో ఉన్నోళ్ళల్లో ముప్పాతికమందికి అంతే మేడం."

వకుళ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "మీకు తెలుసా?"

"మొదటి నెలలోనే తెలిసిపోనాది. నాకు ఇరవై ఏడొచ్చిందని సంబరంగా ఖాసింకి సెప్పేను. ఆడు సెలవు నుంచొచ్చి, నాకూ ఇరవై ఏడేరా అన్నాడు. ఇద్దరం మొకమొకాలు సూసుకున్నాం. తరవాత మేరీ. యంత్రానికి లెక్క తప్పినా అందరికీ ఒక్కలాగే తప్పుద్దేటండీ? ఇది ఎవులో కావాలని యేసిన అంకె అని అర్థమైపోనాది. మొదటిరోజు నాకు మీ నోటితోనే సెప్పేరు కదా. మీరేనని తెలిసింది."

"మరి ఎవరూ నన్ను అడగలేదే? అంకెలు ఒకరికొకరు చెప్పుకోవడం మానేశారు కదా?"

"మీ గుట్టు బయటపడకూడదనే మానేసేం." సింహాద్రి అన్నం కెలుకుతూ అన్నాడు. "మొదట నాకు కోపమొచ్చింది మేడం, అబద్ధమెందుకాడాలి. నన్ను ఎవులూ తలవలేదని నాకు తెల్దా? తరవాత మా గేటుకాడ కూకుని ఆలోసించేను. నన్ను తలిసినోళ్ళు లేకపోతే లేకపోనారు. ఈ మడిసి బాధపడతాడేమో అని, ఒక మాట అబద్ధం ఆడినోళ్ళు ఒకరున్నారు కదా. అది మాత్రం నిజమే కదా. అదే సాలనిపించింది. అందరం అదే అనుకున్నాం. ఇంక ముడులు యేసి మిమ్మల్ని ఇరకాటంలో పెట్టడమెందుకని మానేసేం."

వకుళ సిద్ధాంతం, పత్రికల్లో వచ్చిన వ్యాసాలు, పూలదండ, ఫొటోలు అన్నీ తప్పు. మొదటి నెల దాటాక యంత్రం చెప్పిన అంకెను నమ్మి ఎవరూ బాగా పనిచెయ్యలేదు. తమ కోసం ఎవరో అబద్ధమాడారని తెలిసి పనిచేశారు.

సింహాద్రి కూడా ఏదో ఆలోచిస్తూ ముద్ద మింగాడు. ఉన్నట్టుండి ఆగి ఆమె వైపు చూశాడు.

"అయితే మేడం, మాకంటే మీరున్నారు. మీకెవులు సెప్పేరు ఆ ఇరవై ఏడు?"

వకుళకు కళ్ళల్లో నీళ్ళు తిరిగితే తల వంచుకుంది. ఆ నీళ్ళను చూసి అతనికి మొత్తం అర్థమైంది. అంతమందికి అబద్ధం చెప్పడానికి ఒక మనిషి ఉంది. ఆమెకు చెప్పడానికి ఆమె తప్ప ఎవరూ లేరు.

సింహాద్రి గొంతు సవరించుకున్నాడు.

"మేం మిమ్మల్ని రోజూ తలుసుకున్నాం మేడం" అన్నాడు.

వకుళ తలెత్తింది.

"నిజం మేడం. రోజూ. ఆ సివరి బల్ల సూసి ఖాసిం అనీవోడు, ఏట్రా మేడం లేకపోతే గది గదిలా లేదూ అని. మేరీ అయితే మరీనూ. కదే మేరీ?" అని పక్క బల్ల వైపు కేకేశాడు.

స్టోర్సు మేరీ వెనక్కి తిరిగింది. సింహాద్రి ముఖం చూసింది, వకుళ ముఖం చూసింది. సంగతేమిటో ఒక్క క్షణం తెలియలేదు. తరువాత తెలిసినట్టుంది, కంచం పట్టుకుని లేచి వచ్చింది.

"అవును మేడం" అంది పక్కన కూర్చుంటూ. "మొన్న చేపల పులుసు చేసినప్పుడు మిమ్మల్నే అనుకున్నాను. మేడం ఉంటే రెండు ముక్కలు వేసుకుందురు కదా అని."

వకుళ చేపలు తినదు. ఆరేళ్ళుగా అదే గదిలో తింటున్నా ఆ సంగతి మేరీకి తెలియదు. వాళ్ళ మెడల్లో కంఠపట్టీల మీద సన్నటి ఆకుపచ్చ దీపాలు వెలుగుతున్నాయి. మేడం, మేడం అంటూ ఆమె సెలవుకు పడవెక్కిన తరువాత ఆమె ప్రస్తావన ఆ గొంతుల్లో ఇప్పుడే మొదటిసారి కదులుతోంది. ఆమె సెలవు అయిపోయింది కాబట్టి లోటుమాపకం దీన్ని ఏ లెక్కలోనూ చేర్చదు. రెండు వారాలకూ వచ్చిన కొలత సున్నా. ఆ సున్నా ఎంత ఖచ్చితమైనదో దాన్ని కనిపెట్టిన మనిషికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

ఖాసిం కూడా కుర్చీ లాక్కుని వచ్చి చేరాడు. ఏం జరుగుతోందో అతనికి ఎవరూ చెప్పలేదు గానీ, వస్తూనే, "మేడం, మీరు లేకపోతే ఏం బాగాలేదండీ" అన్నాడు.

వకుళ కంచం కాస్త పక్కకు జరిపి, మోచేతులు బల్ల మీద ఆనించి ముందుకు వంగింది.

"ఇంకా ఏమనుకున్నారు?" అని అడిగింది.